మూడో వరస పిల్లల సీటు కాదు

సెవెన్ సీటర్ ఉన్న ఇంట్లో కారెక్కేటప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, అది ఎప్పుడో సెటిలైపోయి ఉంటుంది. స్టీరింగ్ పక్కన మామయ్య, మధ్యలో మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మ, ఆమె పక్కన చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లి, ఇక మిగిలిన పిల్లలందరికీ "మీరు వెనక్కి పోండ్రా" అని ఒక్క మాట, వాళ్ళు కూడా సంతోషంగా సీటు మీంచి దూకేసి పోతారు ఎందుకంటే అక్కడ పెద్దవాళ్ళ గోల ఉండదు, వెనక అద్దంలోంచి వచ్చే బండ్లకి చేతులూపుకోవచ్చు. నేను ఈ అలవాటు మార్చుకుందాం అని అడగడానికే ఇదంతా రాస్తున్నా. కారులో చిట్టచివరి వరస పిల్లలకి ఇవ్వాల్సిన చోటు కాదు, సీటు ముందుకి తిరిగి ఉన్నా వెనక్కి తిరిగి ఉన్నా పక్కకి తిరిగి ఉన్నా సరే.

ఇది రాయాలని గట్టిగా అనిపించింది మాత్రం మా అన్నయ్యతో మాట్లాడాక. వాళ్ళు డాలస్‌లో ఉంటారు, ఆయన పాత టెస్లా మోడల్ ఎస్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూశాడు, దాంట్లో డిక్కీలో రెండు చిన్న సీట్లు ఉన్నాయి, వెనక్కి తిరిగి. వీడియో కాల్‌లో డిక్కీ డోరెత్తి చూపించాడు. "చూడవే, చంటిపిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలని డాక్టర్లే చెప్తున్నారు కదా, వీటిలో ఆల్రెడీ వెనక్కే తిరిగి కూర్చుంటారు, ఇంక దీనికంటే సేఫ్ ఏముంది" అన్నాడు. వదిన పక్కనుంచి "నువ్వైనా చెప్పమ్మా ఈయనకి, నాకు ఆ డోరు చూస్తేనే భయమేస్తుంది" అంది. అన్నయ్య అడిగింది మంచి ప్రశ్నే. వదిన భయం కూడా సరైనదే. ఇద్దరి మాటా ఎక్కడ కలుస్తుందో చెప్పాలంటే ముందు వెనక్కి తిప్పడం అనేది అసలు ఎందుకు పనిచేస్తుందో చూడాలి.

పుట్టిన బిడ్డ పొడుగులో దాదాపు నాలుగోవంతు తలే ఉంటుంది. ఆ తలని మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ముందుకి తిరిగి కూర్చున్న చంటిబిడ్డ ఉన్న కారు ఎదురుగా దేన్నైనా గుద్దితే ఒంటిని బెల్టు ఆపుతుంది గానీ తలని ఆపేది ఏదీ ఉండదు, ఆ బరువంతా మెడ మీద పడుతుంది. అదే బిడ్డ వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపుకి ఒత్తుకుంటాయి, దెబ్బ అంత వెడల్పున పరుచుకుంటుంది. స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్ 1964లో ఇలాంటి మొదటి సీటు నమూనా చేశాడు, అంతరిక్షంలోకి వెళ్ళేవాళ్ళు రాకెట్ లేచేటప్పుడు వీపు మీద వాలి కూర్చునే పద్ధతి చూసి ఆయనకి ఆలోచన వచ్చిందంటారు. ఇప్పటికీ ఆ దేశంలో నాలుగేళ్ళ దాకా పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెడతారు. దీంట్లో నాకు ఏ అనుమానమూ లేదు, మన దగ్గర కూడా చంటిబిడ్డ ఉన్న ప్రతి కారులో ఆ సీటు ఉండాలి.

కానీ ఆ సీటు ఎక్కడ పెడతారు? మధ్య వరసలో. దాని వెనక ఇంకో సీటో డిక్కీయో ఉంటుంది, పక్కన తలుపు, ముందు డ్రైవర్ సీటు. అంటే బిడ్డ చుట్టూ అన్ని వైపులా నలగడానికి కొంత కారు ఉంది.

అమెరికాలో, యూరప్‌లో పాత స్టేషన్ వ్యాగన్లలో, అంటే పైకప్పు డిక్కీ చివరిదాకా సాగి ఉండే పొడుగు కార్లలో, ఉన్న వెనక చూపు సీటు సంగతి వేరే. క్రైస్లర్ వాళ్ళు 1950ల చివర్లోనే వాటిని పెట్టారు, ఫోర్డ్ వాళ్ళు 1965లో డిక్కీలో ఎదురెదురుగా పక్కకి తిరిగి ఉండే రెండు చిన్న బెంచీలు పెట్టారు, తర్వాత వోల్వో, మెర్సిడెస్ వ్యాగన్లలో కూడా ఆప్షన్‌గా వచ్చాయి, అమెరికాలో షెవర్లే కప్రీస్, బ్యూక్ రోడ్‌మాస్టర్ అనే పెద్ద వ్యాగన్లు 1996లో ఆగిపోయేదాకా ఒక తరం పిల్లలు ఆ సీట్లలోనే పెరిగారు. ఇల్లు నిండా పిల్లలుండే కాలం, అందర్నీ ఒకే బండిలో ఎక్కించాలి, డిక్కీ నేల కింద గుంట ఎలాగూ ఉంది, అందులో కాళ్ళు పెట్టుకునేలా ఒక సీటు మడిచి పెట్టేశారు. చోటు సరిపోవడం కోసం పుట్టిన సీటు అది, మెడని కాపాడదామని పుట్టింది కాదు. చాలావాటిలో నడుముకి మాత్రమే బెల్టు. టెస్లా 2012లో పెట్టినప్పుడు రేసు కార్లలోలాగా భుజాలకీ నడుముకీ కాళ్ళ మధ్యకీ కలిపి అయిదు చోట్ల పట్టే బెల్టు ఇచ్చింది, పిల్లల ఎత్తుకీ బరువుకీ లిమిట్ పెట్టింది, అది పాతవాటికంటే చాలా మెరుగు అని ఒప్పుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఎదురుగా గుద్దినప్పుడు వెనక్కి తిరిగిన పిల్లాడు సీటు వీపుకి ఒత్తుకుంటాడు, బాగానే ఉంది, పైగా గుద్దిన చోటుకి చాలా దూరంగా ఉన్నాడు. అదే వెనకనుంచి ఇంకో బండి వచ్చి గుద్దితే? కారు ఒక్కసారిగా ముందుకి తోయబడుతుంది, లోపలున్న ఒళ్ళు ఉన్నచోటే ఉండిపోతుంది, అంటే కారుతో పోలిస్తే వెనక్కి వెళ్తుంది. ముందుకి తిరిగి కూర్చున్నవాళ్ళకి వెనక సీటు వీపు ఉంది, వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లాడికి ఆ వైపు ఏముంది? బెల్టు, దాని తర్వాత అద్దం. అతను డోరు వైపు వెళ్తున్న ఆ క్షణంలోనే డోరు లోపలికి నలుగుతూ అతని వైపు వస్తూ ఉంటుంది. పైగా కాళ్ళు, మోకాళ్ళు ముందే ఆ డోరుకి ఆనుకుని ఉన్నాయి. ఇది ఒక్కసారి మనసులో బొమ్మ కట్టుకుంటే అన్నయ్య ప్రశ్నకి జవాబు దొరికినట్టే. వెనక్కి తిప్పడం మంచిదే, కానీ కారు చివరి జానెడు చోటులో తిప్పితే ఆ మంచి సగమే మిగుల్తుంది.

మరి స్వీడన్ సీటులో బిడ్డకి కూడా వెనకనుంచి దెబ్బ తగిలితే ఇదే జరగాలి కదా అని అడగొచ్చు. కొంత జరుగుతుంది. కాకపోతే ఆ బిడ్డ మధ్య వరసలో ఉంది కాబట్టి నలిగే డోరు దాకా దూరం ఉంది, ఆ దేశాల్లో అన్ని బండ్లూ ఇంచుమించు ఒకే స్పీడులో పోతుంటాయి కాబట్టి వెనకనుంచి తగిలే దెబ్బ చాలాసార్లు ఎదురుదెబ్బ అంత తీవ్రంగా ఉండదు. మన దగ్గర లెక్క అలా లేదు, నా భయమంతా అక్కడే.

దసరాకి హైదరాబాద్‌లోంచి విజయవాడ హైవే మీద బయల్దేరండి. హయత్‌నగర్ దాటాక స్పీడందుకుంటారు, చౌటుప్పల్ దాటి పంతంగి టోల్ దగ్గరికి వచ్చేసరికి బండ్లు బారులు తీరి ఉంటాయి, మీరు వెళ్ళి ఆ లైను చివర ఆగుతారు. ఆ క్షణంలో ఆ హైవే మీద అందరికంటే వెనక ఉన్న కారు మీదే, మీ కారులో అందరికంటే వెనక ఉన్నది మీ పిల్లలు, మీ వెనక నుంచి ఏదో ఒక లోడు లారీ వస్తుంది. దాని డ్రైవరు రాత్రంతా నిద్రపోయాడో లేదో, బ్రేకులు ఎలా ఉన్నాయో మనకేం తెలుసు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద కూడా ఇంతే, 158 కిలోమీటర్ల రోడ్డు, లోపలి లేన్లలో 120 దాకా పోనిస్తారు, అదే రోడ్డు మీద పంక్చరైన కారు పక్కకి తీసి ఆపుకుని హజార్డ్ లైట్లు వేసుకుని కూర్చున్నవాళ్ళు కనపడతారు, పిల్లలు లోపలే ఉంటారు.

ఒక చిన్న లెక్క చెప్తా, స్కూల్లో చదివిన లెక్కే. 28 టన్నుల లోడు టిప్పరు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఆగి ఉన్న రెండు టన్నుల కారుని గుద్ది రెండూ కలిసి కదిలాయనుకోండి. టిప్పరు స్పీడు 40 నుంచి ఏ 37కో తగ్గుతుంది, దాని డ్రైవరుకి చిన్న కుదుపు. కారు మాత్రం సున్నా నుంచి 37కి రెప్పపాటులో వెళ్తుంది. ఆ తేడా మొత్తం కారే మింగాలి, అందులోనూ వెనక భాగమే మింగాలి. ఇంకొకటి, లారీ బంపరు ఎత్తు కారు బంపరు కంటే పైన ఉంటుంది, కాబట్టి చాలాసార్లు అది కారు కింది ఉక్కుని పట్టుకోదు, డోరూ అద్దమూ ఉన్న ఎత్తులో తగుల్తుంది. పిల్లల తలలు ఉండేది ఆ ఎత్తులోనే.

ఇదేదో అరుదుగా జరిగేది అనుకోకండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మంది చనిపోయారు. గుద్దుకున్న తీరుని బట్టి విడదీస్తే వెనకనుంచి గుద్దినవే అన్నిటికంటే పెద్ద వాటా, ఐదోవంతు పైన. అందులో బైకులూ లారీలూ అన్నీ ఉన్నాయి, కార్ల మూడో వరస గురించి విడిగా తీసిన లెక్క కాదది, అయినా వెనకనుంచి దెబ్బ తగలడం మన రోడ్ల మీద చిన్న విషయం కాదని చెప్పడానికి ఆ వాటా చాలు.

ఈ వెనక చూపు సీట్లు విదేశీ సంగతి, మనకెందుకు అనేవాళ్ళు కూడా ఉంటారు. మనకి వాటికంటే అన్యాయమైనవి ఎప్పట్నుంచో ఉన్నాయి. ఎయిట్ సీటర్ ఓమ్నీ గుర్తుందా, మధ్య సీటు వెనక్కి తిరిగి చివరి సీటుకి ఎదురుగా ఉండేది, 2019లో ఆ బండి తయారీ ఆగింది గానీ అప్పటికి మన కాలనీల్లో స్కూలు పిల్లలు ఎంతమంది అందులో మోకాలికి మోకాలు తగిలించుకుని వెళ్ళారో. స్కూలు ఆటోలో డ్రైవరు వెనక ఒక చెక్క కట్టి దాని మీద నలుగురు పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెడతారు, పట్టుకోడానికి ఏమీ ఉండదు, ఎదుటి పిల్లాడి బ్యాగు తప్ప. ఊళ్ళ వైపు వెళ్తే షేర్ ఆటో వెనక సామాను పెట్టే చోట కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చునేవాళ్ళు రోజూ కనపడతారు. సుమో, క్వాలిస్ కాలంలో వెనక పక్కకి తిరిగి ఉండే బెంచీలు, వాటి మీద కూర్చుంటే ఎదురుగా గుద్దినా వెనకనుంచి గుద్దినా ఒళ్ళు పక్కవాటుగా వెళ్తుంది, మెడ భుజం వైపు విరిగినట్టు వంగుతుంది, నా ఉద్దేశంలో ముందుకి, వెనక్కి, పక్కకి తిరిగిన మూడు రకాల్లో అన్నిటికంటే చెడ్డ సీటు అదే, పిల్లలే కాదు పెద్దవాళ్ళు కూడా అందులో కూర్చోకూడదు. ఇప్పటికీ కొన్ని దుకాణాల్లో డిక్కీలో మడత సీటు వేయిస్తామని చెప్తారు. ఆర్సీలో రాసిన సీట్ల కంటే ఎక్కువ వేయించడానికి చట్టం ఒప్పుకోదు, ఆ సీటుని నాలుగు నట్లతో రేకుకి బిగిస్తారు, దెబ్బ తగిలితే ఆ రేకే ఊడొస్తుంది.

సరే, కంపెనీ వాళ్ళే ఇచ్చిన, ముందుకి తిరిగిన, బెల్టులున్న మూడో వరస సంగతి చూద్దాం. మేము కారు చూడ్డానికి షోరూంకి వెళ్ళినప్పుడు సేల్స్ అబ్బాయి మూడో వరస లేపి "చూడండి మేడమ్, ఫుల్ సెవెన్ సీటర్" అన్నాడు. నేను డిక్కీ డోరెత్తించి సీటు తల ఆనే చోటు నుంచి మూసిన డోరు అద్దం ఉండే చోటు దాకా చెయ్యి పెట్టి చూశాను, బొటనవేలు అక్కడ ఆనించి చిటికెన వేలు ఇక్కడికి చాపితే, జాన నిండలేదు. కింద డిక్కీలో రెండు సంచులు నిలబెట్టే చోటుంది. బెల్టు బకిల్ కోసం వెతికితే సీటు మడతలో లోపలికి పోయి ఉంది, వేళ్ళు పెట్టి లాగితే గానీ రాలేదు, ఎనిమిదేళ్ళ పిల్ల తనంతట తాను ఎలా పెట్టుకుంటుంది. ఏసీ గాలి వెళ్ళే దారి పైకప్పులో ఒకటుంది, ఎండాకాలం మధ్యాహ్నం వెనక అద్దంలోంచి ఎండ నేరుగా మీద పడుతుంటే అది ఏ మూలకి సరిపోతుంది. లోపల్నుంచి ఆ డోరు తీసే హ్యాండిల్ లేదు. మధ్య సీటు మడిస్తేనే బయటికి దారి, ఆ మధ్య సీట్లో మోకాళ్ళ నొప్పులున్న పెద్దామె ఉంటారు. పొగ వచ్చిందనుకోండి, నీళ్ళలోకి దిగిందనుకోండి, ఆ పిల్లలు ఎవరి సాయం లేకుండా బయటికి రాలేరు.

పాత అమెరికా వ్యాగన్ అయిదున్నర మీటర్ల పొడుగు. మన దగ్గర నాలుగు మీటర్ల లోపు కార్లకి పన్ను తక్కువ కాబట్టి ఏడు సీట్లని కూడా నాలుగు మీటర్లలో ఇరికించిన కార్లున్నాయి. కొనేవాళ్ళని నేను తప్పుపట్టను. ఇంట్లో ఏడుగురుంటారు, ఉన్నది ఒక్క కారు, రెండో కారు కొనే స్తోమత లేదు, అమ్మానాన్నల్ని వదిలి పండక్కి పోలేం, బస్సుల్లో పండగ రద్దీ అందరికీ తెలిసిందే. అందుకే సెవెన్ సీటర్లు కొనొద్దు అని నేననట్లేదు. అందులో ఎవరు ఎక్కడ కూర్చోవాలి అన్నదే నా గొడవ.

మా బావగారు నాతో ఎప్పుడూ వాదించే మాట ఒకటుంది, ఎదురెదురుగా గుద్దుకున్నప్పుడు కూడా చాలామంది పోతున్నారు కదా, అప్పుడు మూడో వరసే కదా అన్నిటికంటే దూరం అని. నిజమే. రెండు లేన్ల రోడ్డు మీద ఎదురుదెబ్బ తగిలితే వెనక బెల్టు పెట్టుకుని కూర్చున్న పిల్లాడు ముందు కూర్చున్న తండ్రి కంటే నయమే. కానీ ఆ వాదనలో బెల్టు అనే మాట ముఖ్యం, మన కార్లలో మూడో వరసలో బెల్టు పెట్టుకున్న పిల్లల్ని నేను చూసింది తక్కువ. బెల్టు లేకపోతే ఎంత దూరంలో ఉన్నా ఏం లాభం, 50 స్పీడులో కారు ఒక్కసారి ఆగిపోతే అందులో వదులుగా ఉన్న పిల్లాడికి అది మూడంతస్తుల మేడ మీంచి పడటంతో సమానం, మధ్య సీట్లో ఉన్న నానమ్మ తల మీదికి వచ్చి పడతాడు. ఇక మధ్య వరస కూడా ముందు బంపరుకి బాగానే దూరం, వెనక బంపరుకి కూడా దూరం. రెండు వైపుల నుంచీ కాపాడే చోటు కారులో ఒకటుండగా దాన్ని పిల్లలకి ఇవ్వకుండా ఇంకో చోటు ఎందుకు వెతకాలి?

"మేమంతా అంబాసిడర్‌లో పదిమందిమి పోలేదా, ఏమైంది మాకు" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. అప్పుడు రోడ్డు మీద అంబాసిడరు 50లో పోయేది, వెనక వచ్చేది కూడా ఇంకో అంబాసిడరే. ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు లేన్లయింది, స్పీడు రెట్టింపైంది, స్పీడు రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. అప్పట్లో బతికి బయటపడ్డవాళ్ళే ఈ రోజు ఆ మాట చెప్పగలుగుతున్నారు, పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదా.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మార్చాం. పిల్లలిద్దరూ మధ్య వరసలో, చిన్నాడికి చైల్డ్ సీటు, పెద్దదానికి కూర్చునే ఎత్తు పెంచే బూస్టరు సీటు. బూస్టరు ఎందుకంటే పిల్లలు ఇంచుమించు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పెద్దవాళ్ళ బెల్టు మెడకి కోసుకుంటుంది, కింది పట్టీ తుంటి ఎముకల మీద ఉండాల్సింది పొట్ట మీదికి జారుతుంది, దెబ్బ తగిలినప్పుడు ఆ పట్టీయే పేగుల్ని నలిపేస్తుంది. అత్తమ్మ పిల్లల పక్కనే మధ్యలో కూర్చుంటారు. మూడో వరసలోకి నేనో మా మరిదో వెళ్తాం, బెల్టు పెట్టుకుని, తల ఆనే దిమ్మ పైకి లాగి. మామయ్య మొదట ఒప్పుకోలేదు, "కోడలు వెనక కూర్చోవడమేంది" అన్నారు, రెండు పండగలయ్యాక ఆయనే "పిల్లలకి బెల్టు పెట్టిన్రా" అని అడిగి గానీ బండి తియ్యనివ్వట్లేదు. వెనక నాకు మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి, సూర్యాపేట వెళ్ళేసరికి నడుం పట్టేస్తుంది, అయినా పర్లేదు. నా ఎముకలు గట్టిపడి ఉన్నాయి, బెల్టు నా ఒంటికి సరిగ్గా కూర్చుంటుంది, ఏదైనా అయితే సీటు మడిచి బయటికి రావడం నాకు చేతనవుతుంది. పచ్చడి జాడీలూ బియ్యం సంచీ మూడో వరస వెనక నిలబెట్టడం మానేశాం, సీటు వీపు ఎత్తు దాటి ఏదీ పేర్చం, బరువైనవి కింద, మెత్తని బట్టల బ్యాగులు కెరియర్ మీద. టోల్ లైను చివర ఆగాల్సి వస్తే మా ఆయన దూరం నుంచే హజార్డ్ లైట్లు వేసి మెల్లగా వెళ్తాడు, ముందు బండికి కొంచెం ఎడం ఉంచి ఆపుతాడు, వెనక ఇంకో రెండు బండ్లు వచ్చి ఆగేదాకా అద్దంలోంచి కళ్ళు తీయడు.

చట్టం కూడా దీని గురించి మాట్లాడుతుంది. 2019 సవరణలో మోటారు వాహనాల చట్టంలో 194బి అని సెక్షను చేర్చారు, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. మా సిగ్నల్ దగ్గర హెల్మెట్‌కి ఫోటో తీస్తారు గానీ కారు వెనక అద్దంలోంచి తలలు ఊపే పిల్లల్ని చూసి ఎవరూ ఆపగా నేను చూళ్ళేదు. 2022 సెప్టెంబర్‌లో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయాక, ఆయన వెనక సీట్లో బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పాక, కొన్ని వారాలు అందరూ వెనక బెల్టుల గురించి మాట్లాడుకున్నారు. అది రెండో వరస గురించే, మూడో వరస ఊసు అప్పుడు కూడా ఎవరూ ఎత్తలేదు.

కొనేవాళ్ళు నమ్ముకునేది స్టార్లని. కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లిచ్చే మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ నుంచి మొదలైంది, మంచి పని, దానివల్ల కంపెనీలు ఇంకొన్ని ఎయిర్‌బ్యాగులు పెడుతున్నాయి, షోరూంలో జనం స్టార్లు అడుగుతున్నారు. కానీ ఆ స్టార్లు ఎలా వస్తాయో చూడండి. 64 స్పీడులో ముందు భాగంలో ఒక పక్కకి గుద్దిస్తారు, 50లో పక్కనుంచి గుద్దిస్తారు, పైస్టార్ల కోసం స్తంభానికి పక్కవాటుగా కొట్టిస్తారు. పిల్లల బొమ్మలు రెండు, ఒకటి ఏడాదిన్నర బిడ్డంత, ఇంకోటి మూడేళ్ళ బిడ్డంత, రెండూ చైల్డ్ సీట్లలో రెండో వరసలో కూర్చుంటాయి. వెనకనుంచి గుద్దించి చూసే పరీక్షకి అక్కడ మార్కులే లేవు. మూడో వరసలో బొమ్మ కూర్చోదు. అంటే అయిదు స్టార్ల సెవెన్ సీటరు కొని పిల్లల్ని మూడో వరసలో ఎక్కించినవాళ్ళు ఏ పరీక్షా జరగని చోట వాళ్ళని కూర్చోబెట్టారన్నమాట. అమెరికాలో 80 స్పీడుతో వెనకనుంచి గుద్దించే పరీక్ష ఒకటి రూలుగా ఉంది, కానీ అది పెట్రోలు కారుతుందా లేదా చూడ్డానికి, లోపలివాళ్ళ మెడల కోసం కాదు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఏడు సీట్లని రాసి అమ్మే కారుకి ఏడు సీట్లకీ పరీక్ష జరగాలి, వెనకనుంచి ఒకసారి గుద్దించాలి, ఆరేళ్ళదో పదేళ్ళదో బొమ్మని మూడో వరసలో కూర్చోబెట్టి ఏమైందో చెప్పాలి. అది వచ్చేదాకా కనీసం అద్దం మీద అతికించే ఆ స్టార్ల స్టిక్కరులో 'మూడో వరస పరీక్షించలేదు' అని ఒక లైను వేస్తే, షోరూంలో సేల్స్ అబ్బాయి ఆ సీటు లేపినప్పుడు పక్కనున్న అమ్మానాన్నలు అక్కడికక్కడే అడుగుతారు.